మిద్దెమీది మన్ను, వాననీటి మాలిన్యము: పల్నాటి దృష్టితో ఒక సమీక్ష

ఇంటికప్పుమీద పడిన వాననీరు ఏ గుణములతో క్రిందికి దిగునన్న ప్రశ్న కృష్ణా డెల్టావాసులకు శాస్త్రకుతూహలమాత్రముగా తోచవచ్చును గాని, వినుకొండ, బొల్లాపల్లి, వెల్దుర్తి ప్రాంతములలో బోరుబావి నీటియందలి ఫ్లోరైడుతో ఏండ్ల తరబడి బాధపడుచున్న పల్నాటివారికి అది బిందెకు సంబంధించిన ప్రశ్న. భూమిలోని నీరు చెడినచోట ఆకాశమునుండి దిగు నీరే నిర్దోషమైనది. ఆ నీరు మొట్టమొదట తాకు స్థలము ఇంటికప్పు. కనుక ఆ కప్పు నీటినుండి ఏమి గ్రహించునో, నీటికి ఏమి చేర్చునో తెలిసికొనవలసియున్నది. నగరములలో ఇటీవల ప్రశంస లందుకొనుచున్న పచ్చమిద్దె, అనగా మన్ను పరచి మొక్కలు పెంచిన కప్పు, ఇంటిని చల్లబరచుటయే గాక వాననీటిని వడకట్టి శుభ్రపరచునని గూడ పలువురు చెప్పుచున్నారు. ఆ మాటలో సత్యమెంత, అత్యుక్తి యెంత, పల్నాటి ఎండకును, రాతికిని, వానకును అది ఎంతవరకు అన్వయించును అను విషయములను దేశదేశముల పరిశోధనలను ఆధారముగా గొని పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

పచ్చమిద్దె యనగా కుండీలు పేర్చిన మేడ కాదు. కప్పుమీద నీరు దిగకుండ ఒక పొర, దానిపై వేళ్ళు చొరకుండ మరియొక పొర, ఆపై మిగులునీరు జారిపోవుటకు గులకరాళ్ళో ప్లాస్టిక్ పలకలో గల పొర, మట్టి కొట్టుకొనిపోకుండ వడకట్టు గుడ్డ, అన్నింటికిని పైన మన్నును మొక్కలును, ఈ వరుసతో కట్టిన కప్పునకు ఆ పేరు చెల్లును. మన్ను సుమారు 15 సెంటీమీటర్ల లోపుగా నుండి మందపుటాకుల చిన్నమొక్కలను మాత్రము భరించునది ఒక తెగ; అంతకు మించిన లోతుతో పొదలను, చిన్నచెట్లను గూడ మోయునది రెండవ తెగ. స్కాండినేవియా, ఐస్‌లాండు దేశములలో పచ్చికగడ్డలు కప్పిన ఇండ్లు శతాబ్దములనాడే యున్నవి గాని, నియమబద్ధమైన నేటి పచ్చమిద్దె ప్రధానముగా జర్మనీ దేశమున ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున రూపుదిద్దుకొని లోకమున వ్యాపించినది. ఆ దేశములకు ముఖ్యమైన చింత తాగునీరు కాదు. వానపడినపుడు మురుగుకాలువలు పొంగిపొరలుటయే. పచ్చమిద్దెను గూర్చిన శాస్త్రవాఙ్మయమును చదువునపుడు ఈ జన్మకారణమును మరువరాదు. ఒకరి అవసరమునకు పుట్టిన ఉపాయము మరియొకరి అవసరమునకు అక్కరకు వచ్చునో రాదో వేరుగా విచారింపవలసినదే.

మొదట కప్పుమీదికి చేరు మాలిన్యము లెట్టివో చూతము. వాన కురియుచునే గాలిలోని దుమ్మును, పొగను, వాయువులను కడిగికొని వచ్చును. వానలేని నెలలలో కప్పుమీద పేరుకొన్న ధూళి, పక్షులరెట్టలు, ఎండుటాకులు తొలి జల్లుతో కలిసి దిగును. సున్నపుబట్టీలకు పేరువడిన పిడుగురాళ్ళ, సిమెంటు కర్మాగారములు గల మాచర్ల, దాచేపల్లి పరిసరములలో ఈ ధూళిలో సున్నపుపాలు హెచ్చు; మిరప, పత్తి చేలు గల పల్లెలలో పిచికారీ చేసిన పురుగుమందు గాలితో ఎగిరివచ్చుటకును వీలున్నది. వీనికి తోడు కప్పే స్వయముగా కొన్ని పదార్థములను నీటిలో కలుపును. జింకుపూత గల రేకునుండి జింకును, రాగితొడుగులనుండి రాగియు నీటిలో కరుగుట అనేక దేశములలో కొలిచి చూచిన విషయము. కావున పచ్చమిద్దెను ఆదర్శమైన పరిశుద్ధజలముతో గాక, రేకు, సిమెంటు, రాతికప్పులనుండి దిగు నీటితో పోల్చుటయే న్యాయము.

పరిశోధకులందరును ఏకగ్రీవముగా అంగీకరించిన విషయ మొకటి కలదు: పచ్చమిద్దె జారునీటి పరిమాణమును తగ్గించును. మన్ను కొంత నీటిని పట్టియుంచును; దానిని మొక్కలును ఎండయు ఆవిరిగా మార్చును. కెనడా దేశమున టొరాంటోలోని యార్కు విశ్వవిద్యాలయపు మిద్దెమీద జరిపిన పరిశీలనలో, మామూలు కప్పుతో పోల్చినపుడు జారునీరు 60 శాతమునకు పైగా తగ్గినది. ఎస్తోనియాలోని టార్టు నగరమున చిరుజల్లులో నాలుగింట మూడువంతులకు మించిన నీరు మిద్దెమీదనే నిలిచిపోయినది గాని, భారీవాన కురిసినపుడు మిద్దె చేయగలిగినది నీటిని కొంతసేపు జాగుచేయుట మాత్రమే. ఇది సహజము. పది సెంటీమీటర్ల మన్ను తన ఘనపరిమాణమున మూడింట ఒకవంతు నీటిని పట్టగలదనుకొన్నను, పొడిగా నున్నపుడు అది మ్రింగునది దాదాపు 30 మిల్లీమీటర్లే. అటుపై పడినదంతయు క్రిందికే. మన వాన యూరపు జల్లువలె దినదినము సన్నగా రాలునది కాదు. ఏడాదివానలో పెద్దపాలు కొలది దినములలో, అందును తుపానుదినములలో గుమ్మరించిపోవును. అందుచేత శీతలదేశముల లెక్కలను ఇక్కడికి యథాతథముగా దించికొనరాదు.

ఇక గుణవిచారము. పచ్చమిద్దె తప్పక చేయుమేళ్ళలో మొదట చెప్పబడునది ఆమ్లత్వమును తగ్గించుట. పొగలవలన పులిసిన యూరపు, అమెరికాల వాన మన్నుగుండ దిగునపుడు తటస్థస్థితికి, లేదా కొంచెము క్షారస్థితికి చేరును. ఆ దేశములకిది గొప్ప ఉపకారమే. కాని మన దేశపు గాలిలోని సున్నపుధూళి వాన ఆమ్లత్వమును మార్గమధ్యముననే చాలవరకు విరుచుచున్నది. అందును సున్నపురాతి నేలపై, బట్టీల నడుమ, నాపరాతి కప్పుల క్రింద బ్రదుకు పల్నాటివారికి ఈ ఉపకారము అక్కరలేనిది. రెండవమేలు భారలోహములను పట్టియుంచుట. మన్నులోని బంకరేణువులును, కుళ్ళిన ఆకులనుండి పుట్టు జీవపదార్థమును సీసము, కాడ్మియము, జింకు వంటి లోహములను అంటిపెట్టుకొనునని పలుచోట్ల రుజువైనది. అయితే మన్నులోనే లోహములున్నచో, ఉదాహరణకు బొగ్గుబూడిదయో పురపాలకపు చెత్త ఎరువో కలిపినచో, ఫలితము తారుమారగును. నత్రజని విషయమున సాక్ష్యము భిన్నభిన్నముగా నున్నది: మొక్కలు బాగుగా కుదురుకొన్న మిద్దెలు వానతో వచ్చిన నైట్రేటును తీసికొనుచున్నవి, కొత్తగా ఎరువు వేసినవి దానిని విడుచుచున్నవి.

పచ్చమిద్దెకు అపకీర్తి తెచ్చినది భాస్వరము. స్వీడను దేశీయ పరిశోధకురాలు బెర్న్‌డ్ట్‌సన్ తన సహచరులతో కూడి స్వీడనులోను, జపానులోను గల మిద్దెలను పరీక్షించి, అవి నత్రజనిని కొంత పట్టియుంచినను పొటాషియమును, వానిలో పలుచని మన్నుగలవి భాస్వరమును గూడ, నీటికి చేర్చుచున్నవని తెలిపెను; 2010లో ఆమె ప్రకటించిన సమీక్షావ్యాసము ఈ శాఖలో నేటికిని ప్రామాణికమే. టొరాంటోలో నీటి పరిమాణము తగ్గినందువలన అనేక మాలిన్యముల మొత్తము తగ్గినను భాస్వరము మాత్రము హెచ్చెను. ఏండ్లు గడచినకొలది అది తగ్గుముఖము పట్టెను. అమెరికాలో టెక్సాసు రాష్ట్రపు ఆస్టిను నగరమున రేకు, పెంకు, తారుపలక మొదలగు కప్పులతో పాటు పచ్చకప్పు నీటిని గూడ పట్టి పరీక్షించి 2011లో ప్రకటించిన ఫలితములలో, పచ్చకప్పు నీటియందు కరిగిన సేంద్రియకర్బనము మిక్కుటముగా నుండెను. సేంద్రియకర్బనము స్వయముగా విషము కాకపోయినను, అట్టి నీటిలో క్లోరిను కలిపినచో హానికరమైన ఉపపదార్థములు పుట్టును. నీరు తేనెరంగు తిరుగును. అనగా పచ్చమిద్దె జల్లెడ కాదు. సంతలో వర్తకునివలె ఒక సరకును కొని మరియొక సరకును అమ్మును.

ఇచ్చట పరిశోధనల నడుమ కనిపించు వైరుధ్యమునకు మూలమైన ఒక భేదమును స్పష్టపరచుకొనవలెను. లీటరు నీటిలో ఎంత మాలిన్యమున్నదనునది గాఢత. ఏడాది మొత్తము మీద ఆ కప్పునుండి ఎంత మాలిన్యము దిగెననునది రాశి. నూరు చదరపు మీటర్ల కప్పుమీద ఏటికి 700 మిల్లీమీటర్ల వాన పడినదనుకొందము. అది 70,000 లీటర్లు. సిమెంటు కప్పునుండి అందులో 56,000 లీటర్లు, పచ్చమిద్దెనుండి 35,000 లీటర్లు దిగినవని ఊహింతము. ఇరుకప్పుల నీటిలోను నత్రజని లీటరుకు ఒక మిల్లీగ్రామే యున్నచో, మొదటిదానినుండి 56 గ్రాములు, రెండవదానినుండి 35 గ్రాములు వెడలును. నీరు తగ్గుటచేతనే మేలు కలిగినది. కాని భాస్వరము సిమెంటు కప్పు నీటిలో లీటరుకు 0.1 మిల్లీగ్రాము, పచ్చమిద్దె నీటిలో ఒక మిల్లీగ్రాము అయినచో, మొదటిది 5.6 గ్రాములను, రెండవది 35 గ్రాములను విడుచును. నీరు తగ్గినను నష్టము ఆరురెట్లు. వాగు క్షేమము కోరువారు రాశిని లెక్కింతురు. నీటిని త్రాగువారు గాఢతను లెక్కింతురు. ఒకే మిద్దె ఒకరి దృష్టిలో మంచిది, మరియొకరి దృష్టిలో చెడ్డది యగుట ఇందుచేతనే.

ఈ భాస్వరమెచ్చటినుండి వచ్చుచున్నది? వాననుండి వచ్చునది స్వల్పము. మిక్కిలి భాగము మనము మిద్దెకెక్కించిన మన్నునుండియు, ఎరువునుండియు వచ్చుచున్నది. మొక్కలు త్వరగా పచ్చబడవలెనని పశువులపేడ, ఆకుకుళ్ళు, రసాయనపుటెరువు దట్టముగా కలిపిన మన్ను, పలుచని పొరగా నుండుటచే నీరు త్వరత్వరగా దిగిపోవుచుండగా, ఆ సారమును నిలుపుకొనజాలదు. ఒక్కసారిగా కరగు ఎరువుకంటె మెల్లమెల్లగా విడుదలయగు ఎరువు వేసిన మిద్దెలనుండి నష్టము తక్కువయని స్వీడనులో జరిగిన ప్రయోగములు తెలిపెను. మన్నునే గాక దాని క్రింది పొరను గూడ అనుమానింపవలెను: స్విట్జర్లాండులో 1998లో ప్రకటితమైన ఒక పరిశోధన, వేళ్ళు చొరకుండుటకై తారుషీట్లలో కలిపిన మెకోప్రోపు అను కలుపుమందు కప్పునీటిలో చేరుచున్నదని బయటపెట్టెను. పొలమున కలుపుమందు వేయువాడు తాను వేసినట్లెరుగును; మిద్దెవాడు ఎరుగడు.

ఉష్ణదేశముల సాక్ష్యము మనకు మరింత సన్నిహితము. విజయరాఘవన్ మొదలగువారు సింగపూరులో జరిపి 2012లో ప్రకటించిన క్షేత్రపరిశోధనలో, వాన ఆరంభమున దిగిన నీటిలో లవణములును లోహములును అధికముగా నుండి, వాన సాగినకొలది తగ్గుట కనిపించెను. పిదప ఆయన చెన్నపట్టణమున పరిశోధన సాగించి, ఇటుకపొడి, ఇసుక, కొబ్బరిపొట్టు మొదలగు సులభవస్తువులతో తేలికమన్నును కూర్చి, సముద్రపునాచు కలిపినచో లోహములను పట్టుశక్తి పెరుగుటను చూపి, మన ఇంటిముంగిటి గడ్డిగులాబి మొక్క ఆ మన్నులో బ్రదుకగలదని నిరూపించెను. అమెరికాలోని పోర్ట్‌లాండు నగరమున 2011లో, గాలి తగులనీయక కాల్చిన బొగ్గును మన్నులో నూటికి ఏడుపాళ్ళు కలిపిన ప్రయోగమున, నత్రజని, భాస్వరము, సేంద్రియకర్బనము మూడును జారునీటిలో తగ్గెను. ఈ ఫలితములన్నియు ఒకే దిక్కును చూపుచున్నవి: మిద్దెనీటి మంచిచెడ్డలను నిర్ణయించునది పచ్చదనము కాదు, మన్ను. ఆ మన్ను ఎంత పేదదైన నీటికి అంత మేలు. పొలమున గుణమైన సారము మిద్దెమీద దోషమగుచున్నది.

ఈ సత్యమును మన పూర్వులు వేరొక ప్రయోజనమునకై ఎరిగియే యుండిరి. రాయలసీమలోను దాని పొరుగు మెరకసీమలలోను కట్టిన మట్టిమిద్దెలలో, దూలములపై వాసములు, వాసములపై నాపబండలో కట్టెచెక్కలో పరచి, వానిపై మన్ను మెత్తి, అన్నిటికంటె పైన చౌటిమన్ను చల్లెడివారు. చౌటిలో సోడియము అధికము. తడిసినపుడు దానిచేత బంకరేణువులు విడివడి, ఉబ్బి, సూక్ష్మరంధ్రములను మూసివేయును. కావున ఒకసారి తడిసిన చౌడు నీటిని క్రిందికి దిగనీయదు. చౌటిలో గడ్డి సులభముగా మొలవదు. మొలిచిన నాలుగు పరకలను తొలకరికి ముందు పీకి, మరల చౌడు పోసి సరిచేసెడివారు. అది మన్నుగల కప్పే గాని పచ్చకప్పు కాదు. మొక్కను నిలుపుట దాని ధర్మము కాదు. దానిపైనుండి జారు నీరు బురదగాను, ఉప్పగాను, క్షారముగాను నుండుట సహజము గనుక అది త్రాగుటకు తగినది కాదు. మాచర్ల, గురజాల ప్రాంతములలో విరివిగా దొరకు నాపరాళ్ళతో కప్పిన ఇండ్ల సంగతి వేరు. అట్టి కప్పు నీటికి కొంచెము సున్నము, కొంచెము దుమ్ము తప్ప వేరేమియు చేర్చదు. నీరు పట్టదలచినవానికి, ఊడ్చియుంచిన నాపరాతి కప్పును మించిన కప్పు పల్నాట దొరకుట అరుదు.

నేడు నరసరావుపేట వంటి పట్టణములలో సిమెంటు మేడలపై వెలయుచున్న మిద్దెతోట ఈ రెండింటికిని భిన్నమైనది. వంగ, టమాట, ఆకుకూరలు పండింపవలెనన్న కోరికతో కుండీలలోను, మళ్ళలోను వర్మీకంపోస్టు, వేపపిండి, పేడ, జీవామృతము ధారాళముగా వాడుదురు. కూరలకిది హితము, పురుగుమందు లేని కూర ఇంటివారికి భాగ్యమే. కాని పైన చెప్పిన న్యాయముచొప్పున, ఇట్టి తోటనుండి దిగు నీరు భాస్వరముతోను, నైట్రేటుతోను, సేంద్రియకర్బనముతోను బరువెక్కియుండుట అనివార్యము. పచ్చమిద్దెకును మిద్దెతోటకును గల ఈ భేదమును గుర్తింపక, ఒకదానికి చెప్పిన ప్రశంసను రెండవదానికి అంటగట్టుట నేటి ప్రచారములో తరచుగా జరుగుచున్న పొరపాటు.

పల్నాటి ఎండ ఈ సమస్యకు మరియొక ముడి వేయుచున్నది. ఆంధ్రదేశమున మిక్కిలి వేడిగల స్థలములలో రెంటచింతల పేరు ఏటేట వేసవివార్తలలో వినవచ్చుచునే యుండును. అట్టి ఎండలో పది సెంటీమీటర్ల మన్నులోని మొక్కలు నీరు పోయకున్నచో మాడిపోవును. మాడిన వేళ్ళు, ఆకులు మన్నులోనే కుళ్ళి, వానిలోని నత్రజని, భాస్వరములు కరగు స్థితికి వచ్చి, మృగశిరకార్తె తొలివానతో ఒక్కుమ్మడిగా దిగును. నీరు పోసి బ్రదికింతమన్నచో, ఆ నీరు అనేకచోట్ల బోరునీరే. అందలి ఫ్లోరైడు, ఉప్పులు ఆవిరి కాక మన్నులోనే మిగిలి నానాటికి పేరుకొనును. పిదప వాన వచ్చి కడిగినపుడు అవి కప్పునీటిలో తేలును. ఫ్లోరైడు లేదను ఒక్క కారణముచేతనే వాననీటిని ఆశ్రయించువాడు, ఆ నీటిని బోరునీరు త్రాగిన మన్నుగుండ వడకట్టుట ఎంత విపరీతమో వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ విపరీతము తీవ్రతను గ్రహించుటకు నీటిచరిత్రను కొంచెము జ్ఞాపకము చేసికొనవలెను. మన దేశమున ఫ్లోరైడు వ్యాధిని మొట్టమొదట శాస్త్రీయముగా వర్ణించినది 1937లో, పల్నాటికి దక్షిణమున నాటి నెల్లూరు జిల్లా పల్లెలను చూచిన వైద్యులు. త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రాము మించరాదనియు, వేరు నీరు దొరకనిచో 1.5 మిల్లీగ్రాముల వరకు ఓర్వవచ్చుననియు భారతీయ ప్రమాణము. 1955 డిసెంబరు 10న పునాది పడిన నాగార్జునసాగరము 1967లో కాలువలకు నీరు విడిచినపిదప కుడికాలువ పల్నాట చాలమేరకు దాహము తీర్చెను గాని, కాలువమట్టమునకు ఎగువనున్న బొల్లాపల్లి, వెల్దుర్తి వంటి మెరకనేలలకు ఆ నీరు తనంతట ఎక్కలేదు; అందుకే వరికపూడిశెల ఎత్తిపోతల పథకమును ఆ సీమవారు దీర్ఘకాలముగా కోరుచున్నారు. అట్టి ఊళ్ళలో కప్పునీటిని తొట్టిలో పట్టి ఏడాది పొడుగున త్రాగుటకును, వంటకును మాత్రము వాడుకొనుట విలాసము కాదు, ఆరోగ్యోపాయము. నలుగురుగల ఇంటికి మనిషికి దినమునకు ఐదులీటర్ల చొప్పున ఏడాదికి 7,300 లీటర్లు చాలును; ముందు చెప్పిన నూరు చదరపు మీటర్ల సిమెంటు కప్పు అంతకు ఏడురెట్లకు మించి ఇచ్చును.

ఇన్నింటిని సమీక్షించినపిదప తేలినది ఇది. నీటి పరిమాణమును తగ్గించుటలో పచ్చమిద్దె నిస్సందేహముగా సమర్థము. లోహములను పట్టుటలో సాధారణముగా సమర్థము. నత్రజని విషయమున సందిగ్ధము. భాస్వరము, సేంద్రియకర్బనముల విషయమున, ముఖ్యముగా తొలి యేండ్లలో, దోషభూయిష్ఠము. ఈ దోషము కప్పు స్వభావముచేత గాక మన్ను సారముచేత కలుగునది గనుక, ఇటుకపొడి, ఇసుక, కొబ్బరిపొట్టు, బొగ్గు కలిపిన పేదమన్నును, ఎండనోర్చు గడ్డిగులాబి వంటి మొక్కలను ఎన్నుకొని, ఎరువును మితము చేసినచో చాలవరకు తొలగును. మాచర్ల చంద్రవంకకో, నరసరావుపేట ఓగేరుకో చేరు పట్టణపు మురుగుకాలువల భారమును తగ్గించి, వేసవిలో గది వేడిమిని తగ్గింపవలెనను కోరిక గలచోట అట్టి పచ్చమిద్దె తగినదే; కార్యాలయములు, కళాశాలలు, కల్యాణమండపములు దానికి యోగ్యమైన స్థలములు. మిద్దెతోట పెంచువారు తమ తోటనీటిని గొట్టముద్వారా పెరటిచెట్లకు మరలించినచో, దోషమైన సారము తిరిగి గుణముగా మారును.

త్రాగునీటి విషయమున మాత్రము మినహాయింపు లేదు. తొట్టిలోనికి పోవు నీరు నాపరాతిమీదనుండియో, సున్నము కొట్టిన సిమెంటుమీదనుండియో రావలెను గాని, మొక్కల వేళ్ళగుండ రారాదు; వానకాలమునకు ముందు కప్పును ఊడ్చి, ఏ వానలోనైనను మొదటి ఒకటి రెండు మిల్లీమీటర్ల నీటిని బయటికి పోనిచ్చి, పిదప జాలిగుండ తొట్టికి త్రిప్పి, త్రాగుటకు ముందు కాచుకొనవలెను. ఒకే ఇంటికి రెండు కోరికలును ఉన్నచో, కప్పును రెండుపాళ్ళుచేసి, మధ్య గట్టు కట్టి, జలదారులను వేరుచేయుట ఇటుకపనివానికి ఒక పూట పని. నీటిపరీక్షాశాలలో ఫ్లోరైడుతో పాటు నైట్రేటును, భాస్వరమును గూడ కొలుచుచు, నాపరాతికప్పు, సిమెంటుకప్పు, మిద్దెతోట, పేదమన్ను పచ్చమిద్దె అను నాలుగింటి నీటిని మృగశిరనుండి స్వాతికార్తె వరకు రెండేండ్లపాటు పట్టిచూచినచో, స్వీడను లెక్కలమీదను, టెక్సాసు లెక్కలమీదను ఆధారపడవలసిన అగత్యము పల్నాటికి తప్పును. అంతవరకు ఇల్లు కట్టుకొనువారు ఈ ఒక్క నియమమును పాటించిన చాలును: తొట్టిగొట్టమును మన్నున్న కప్పునకు తగిలింపరాదు.